ఇరుగుపొరుగు పళ్ళు

పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయయితేనేం అంటారు. రాళ్ళకు కరువులేని చోటు జూబ్లీహిల్స్. 1960లలో ఇళ్ళస్థలాల సొసైటీ మొదలయ్యేనాటికి అక్కడున్నవి బండలూ ముళ్ళకంపలే. ఇప్పుడు చెక్‌పోస్టు నుంచి ఫిల్మ్ నగర్ దాకా వెళ్తే బండలకన్నా పళ్ళ డాక్టర్ల బోర్డులే ముందు కనిపిస్తాయి. బోర్డు మీద ఓ తెల్లటి నవ్వు. అందులో సొంత పళ్ళెన్నో, బ్రిడ్జిలెన్నో పైకి తెలీదు. తెలియకపోవడమే పనితనం.

బ్రిడ్జి అంటే వంతెనే. ఊడిన పన్నుకి అటూ ఇటూ ఉన్న పళ్ళను అరగదీసి, వాటికి తొడుగులు వేసి, ఆ తొడుగుల మధ్య ఒక ఉత్తుత్తి పన్నును నిలబెడతారు. మూడూ కలిసి ఒకే ముక్క. ఏటిమీద వంతెనకైతే స్తంభాలు కొత్తగా కడతారు. ఇక్కడ ఇరుగుపొరుగు పళ్ళే స్తంభాలు. ఒకసారి అరగదీసిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. పోయిన ఒక్కదానికోసం ఉన్న రెండూ ఎంత ఇచ్చుకోవాలి? బ్రిడ్జి చరిత్రంతా ఈ బేరం చరిత్రే అనిపిస్తుంది నాకు.

మొదట్లో బేరం చవకే. క్రీస్తుకు ఏడు వందల ఏళ్ళ ముందటి ఇటలీలో ఎట్రుస్కన్లు పక్క పళ్ళకు బంగారు పట్టీ చుట్టి, మధ్యలో పన్ను బిగించేవారు. మన 'కట్టుడు పళ్ళు' అన్నమాటకి ఇంతకన్నా సరైన బొమ్మ దొరకదు. 1728లో ఫ్రాన్సులో పియేర్ ఫొషార్ దంతవైద్యం మీద పెద్ద గ్రంథం రాసేనాటికి కూడా కట్టడమే ప్రధానం. కాలితో తొక్కే డ్రిల్లు 1871లో వచ్చాక అరగదీయడం సులువైంది. 1907లో అమెరికాలో టాగర్ట్ మైనంతో అచ్చు చేసి, మైనం కరిగిపోయిన ఖాళీలో బంగారం పోసే యంత్రాన్ని చూపించాడు. ఆదిలాబాద్ వోజులు ఇత్తడి బొమ్మలు పోసేదీ ఇదే కిటుకుతో. దాంతో తొడుగు పంటికి అతికినట్టు కూర్చోసాగింది. కట్టు పోయి అరుగుడు వచ్చింది.

మరి మనవాళ్ళకి ముందుపన్ను ఎందుకు కావాలి? తెలుగు నటుడికైతే మొదటి జవాబు అందం కాదు, అక్షరం. త, థ, ద, ధ, న దంత్యాలు. అవి చాలవన్నట్టు 'చాప'లో చ, 'జొన్న'లో జ కూడా మనకి పళ్ళ దగ్గరే పుడతాయి. బ్రౌన్ 1852 నాటి నిఘంటువులో వాటికి విడిగా గుర్తు పెట్టాడు. ముందుపన్ను లేనివాడు పద్యం అందుకుంటే సగం గాలే వస్తుంది. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో నటించిన సురభివాళ్ళు రంగస్థలం నుంచి వచ్చినవాళ్ళే. అప్పుడు ప్లేబాక్ లేదు, ఎవరి పాట వాళ్ళదే. నోరూ గొంతూ ఒకే మనిషివి.

సరిగ్గా ఆ దశాబ్దంలోనే హాలీవుడ్‌లో చార్లెస్ పింకస్ అనే దంతవైద్యుడు మొహం సంగతి చూస్తున్నాడు. షూటింగు సేపు పళ్ళమీద పలచటి పింగాణీ పెంకులు అంటించేవాడు, తర్వాత ఊడదీసేవాడు. చిన్నారి షిర్లీ టెంపుల్‌కి పాలపళ్ళు ఊడుతుంటే ఆ ఖాళీలు తెరమీద కనబడకుండా చూసింది ఆయనే. ఒక్కటి గమనించండి: అవి తాత్కాలికం. వాటికోసం ఏ పన్నునీ అరగదీయలేదు.

మన సినిమా మద్రాసు నుంచి హైదరాబాదు చేరేసరికి నోరూ గొంతూ విడిపోయాయి. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ తెరుచుకుంది, తర్వాత ఫిల్మ్ నగర్ నిండింది. హీరోయిన్ మొహం ఒకరిది, దంత్యాలు డబ్బింగ్ ఆర్టిస్టువి. తెరమీద పన్ను ఇక పలకడానికి కాదు, మెరవడానికి. పెద్ద తెర క్లోజప్‌లో మెరిసింది పెళ్ళి ఫొటోలోకీ దిగింది. 2024 ఫిబ్రవరిలో జూబ్లీహిల్స్‌లోనే ఒక క్లినిక్‌కి నవ్వు దిద్దించుకోవడానికి వెళ్ళిన పెళ్ళికుదిరిన యువకుడొకడు ప్రాణంతో తిరిగిరాలేదు. మత్తుమందు ఎక్కువైందని కుటుంబం ఆరోపించింది. అది బ్రిడ్జి కేసు కాదు. కానీ నమలడానికీ మాట్లాడడానికీ ఏ లోటూ లేని నోటిమీద పని చేయించుకోవడం ఎంత మామూలైపోయిందో ఆ వార్త చదివితే తెలుస్తుంది.

పక్క పళ్ళను ముట్టుకోని దారి లేకపోలేదు. స్వీడన్‌లో బ్రానెమార్క్ 1965లో తొలిసారి ఒక రోగి దవడలో టైటానియం మరలు నాటాడు. వంతెనకు సొంత స్తంభం దొరికింది. కాకపోతే ఆ మర ఎముకలో పట్టుకోవడానికి సాధారణంగా నెలలు పడుతుంది, ఖర్చూ ఎక్కువే. బ్రిడ్జి రెండు మూడు వారాల్లో అయిపోతుంది. కొండ దిగితే కృష్ణానగర్. రోజువారీ వేషాలమీద బతికే జూనియర్ ఆర్టిస్టుకి ముందుపన్ను ఊడితే నెలల తరబడి ఆగమని ఎవరు చెప్పగలరు? వచ్చే వారం షూటింగు ఉంది. పక్క పళ్ళు రెండూ గట్టిగానే ఉన్నాయి. డాక్టరు డ్రిల్లు అందుకుంటాడు.