మనస్సును నిలుపుట: పొట్టలకెరె నుండి ప్రయోగశాల వరకు

సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరువుకు దగ్గరలో వెలిమెల అనే గ్రామం ఉన్నది. ఈ చుట్టుప్రక్కల ప్రదేశం నేడు కర్మాగారాలతోను, లారీల రాకపోకలతోను సందడిగా ఉంటుంది. వెయ్యేండ్ల క్రిందట దీని ప్రసిద్ధికి కారణం వేరు. పటాన్‌చెరువుకు ఆనాటి పేరు పొట్టలకెరె. కల్యాణి చాళుక్యరాజైన రెండవ జయసింహుడు 11వ శతాబ్దంలో దీనిని తన రాజధానులలో ఒకటిగా చేసుకొన్నాడు. అప్పుడది జైనులకు ముఖ్యకేంద్రం. అక్కడ తీర్థంకరుల శిలావిగ్రహాలు దొరికినవి.

జైన తీర్థంకరుల విగ్రహాలు సామాన్యంగా రెండు భంగిమలలో ఉంటవి. ఒకటి పద్మాసనం, రెండవది నిటారుగా, చేతులు ప్రక్కలకు వ్రేలాడవేసి నిలిచి ఉండే కాయోత్సర్గం. రెండింటిలోను శిల్పి చూపదలచినది ఒక్కటే: నిశ్చలత్వం. ఈ నిశ్చలత్వానికి, స్పష్టమైన ఆలోచనకు సంబంధం ఉన్నదా? ఈ ప్రశ్నకు పూర్వులు ఇచ్చిన సమాధానమేమి, నేటి శాస్త్రం ఇచ్చే సమాధానమేమి?

జైనులు మనస్సు యొక్క చాంచల్యాన్ని నిశితంగా పరిశీలించినారు. ఉమాస్వాతి రచించిన తత్త్వార్థసూత్రం ధ్యానాన్ని నాలుగు విధాలుగా విభజించినది. అవి ఆర్తం, రౌద్రం, ధర్మం, శుక్లం. ఇందులో విశేషమేమనగా, దుఃఖంతోను, దిగులుతోను కూడిన ఆలోచన కూడ ఒక ధ్యానమే, దానినే ఆర్తధ్యానమన్నారు. ఇష్టం లేనిది ఎదురైనదని, ఇష్టమైనది దూరమైనదని, నొప్పి కలిగినదని, రానున్న ఫలం దక్కాలని మనస్సు అదే పనిగా తిరుగుట దాని లక్షణం.

పరీక్షకు ముందు రాత్రి ఒక విద్యార్థి పుస్తకం తెరచి కూర్చున్నాడనుకొందాం. కండ్లు అక్షరాల మీద ఉన్నవి. మనస్సు మాత్రం మార్కుల మీద, తండ్రి కోపం మీద, తోటివారి నవ్వుల మీద ఉన్నది. ఇతనికి ఏకాగ్రత లేదనుట సరికాదు. ఏకాగ్రత ఉన్నది, అది తగని విషయంపై ఉన్నది. కనుక అతనిని గద్దించి “మనస్సు పెట్టి చదువు” అనుట వలన ఉపయోగం తక్కువ. చిక్కుకొన్న చోటు నుండి ఆ మనస్సును ముందు విడిపించవలెను.

ఇందుకై జైన గృహస్థులు పాటించే నియమం సామాయికం. దాని కాలం ఒక ముహూర్తం, అనగా రెండు గడియలు. గడియకు 24 నిమిషాలు కనుక మొత్తం 48 నిమిషాలు. ఎంతటి దేహబలం గలవారికైనా చిత్తం ఒకే విషయంపై నిలిచేది ముహూర్తంలోపే అని తత్త్వార్థసూత్రం చెప్పుతున్నది. మన పాఠశాలలలో ఒక్కొక్క పీరియడు ఇంచుమించు ఇంత కాలమే ఉండుట యాదృచ్ఛికం కావచ్చును. అయినా అవధానానికి ఒక హద్దు ఉన్నదన్న సంగతిని ఆ కాలంవారు గుర్తించుట గమనింపదగినది.

బౌద్ధులు శ్వాసను ఆధారంగా తీసుకొన్నారు. క్రీ.శ. 3, 4 శతాబ్దాలలో ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురిలో అనేక విహారాలు ఉండేవి. అదియే నాగార్జునకొండ. ఆనకట్ట నీటిలో ఆ లోయ మునుగకముందు, 1954 నుండి 1960 వరకు జరిగిన త్రవ్వకాలలో భిక్షువులు నివసించిన చిన్న చిన్న గదుల వరుసలు బయటపడినవి. 5వ శతాబ్దంలో సింహళంలో విశుద్ధిమగ్గం రచించిన బుద్ధఘోషుడు ఆంధ్రదేశీయుడని కొందరు పండితుల అభిప్రాయం. ఆ గ్రంథం శ్వాసలను లెక్కించే పద్ధతిని వివరిస్తూ, లెక్క ఐదుకు తగ్గరాదు, పదికి మించరాదు అని నియమించినది. తక్కువైతే మనస్సుకు ఇరుకై కలవరపడుతుంది. ఎక్కువైతే శ్వాసను వదలి అంకెను పట్టుకొంటుంది. శ్వాసను గమనించే ఈ సాధన నేటికీ ఉన్నది. 1976లో హైదరాబాదులో ప్రారంభమైన ధమ్మఖేత్త విపశ్యన కేంద్రంలో పది దినాల శిక్షణ దీనితోనే మొదలవుతుంది.

ఇక ప్రయోగశాలకు వద్దాం. 1924లో స్వామి కువలయానంద లోణావ్లాలో కైవల్యధామాన్ని స్థాపించి, యోగసాధనలను పరికరాలతో పరీక్షింప నారంభించినాడు. 1935లో ఫ్రెంచి వైద్యురాలు థెరెస్ బ్రాస్ భారతదేశానికి వచ్చి యోగుల గుండె చలనాలను నమోదు చేసినది. యోగి తన గుండెను ఆపగలడన్న మాట అప్పుడు ప్రచారమైనది. వెంగర్, బాగ్చీ, ఆనంద్ అనే శాస్త్రజ్ఞులు దీనిని మరల పరీక్షించి 1961లో ఫలితాలు ప్రకటించినారు. ఊపిరి బిగబట్టి, రొమ్ము, పొట్ట కండరాలను గట్టిగా బిగించినప్పుడు గుండెకు తిరిగివచ్చే రక్తం తగ్గుతుంది. నాడి చేతికి అందదు. గుండె చప్పుడు వినరాదు. కాని విద్యుత్ పరికరం గీసిన రేఖలలో గుండె కొట్టుకొంటూనే ఉన్నది!

అద్భుతం తేలిపోయినది గాని, సామాన్యమైన సత్యం మిగిలినది. కండ్లు మూసి విశ్రాంతిగా ఉన్నప్పుడు మెదడులో సెకండుకు 8 నుండి 13 వరకు ఆల్ఫా తరంగాలు పుట్టునని జర్మనీలో హాన్స్ బెర్గర్ పరిశోధనలు తెల్పినవి. 1961లోనే ఢిల్లీలో ఆనంద్, ఛీనా, సింగ్ అనువారు ధ్యానంలో ఉన్న నలుగురు యోగులను పరీక్షించినారు. తీవ్రమైన వెలుతురు, పెద్ద శబ్దం కలిగించినా వారి ఆల్ఫా తరంగాలు చెదరలేదు. అయితే నలుగురిని చూచి అందరికీ సూత్రం చెప్పరాదు.

కలవరానికి, ఆలోచనకు గల సంబంధాన్ని 1908లోనే యెర్కిస్, డాడ్సన్‌లు ఎలుకలపై పరీక్షించినారు. సులభమైన పనిని విద్యుదాఘాతం హెచ్చినకొద్దీ అవి త్వరగా నేర్చుకొన్నవి. కష్టమైన పని విషయంలో మాత్రం ఆఘాతం మితి మీరగానే నేర్పు మందగించినది. బెదిరించి గుణకారం ఎక్కాలు వల్లె వేయించవచ్చునేమో గాని, రేఖాగణిత సమస్యను చేయించుట కష్టమని ఉపాధ్యాయులకు అనుభవమే.

శ్వాసకు ఇందులో గల పాత్ర కూడ కొంత తెలిసినది. ఊపిరి వదలునప్పుడు వేగస్ అనే నాడి ప్రభావం హెచ్చి గుండె వేగం కొంచెం తగ్గుతుంది. 2001లో ఇటలీలో బెర్నార్డి బృందం 23 మందిపై పరిశోధన చేసినది. క్రైస్తవుల జపమాల ప్రార్థన గాని, యోగమంత్రం గాని వల్లించినప్పుడు శ్వాస నిమిషానికి ఇంచుమించు 6 సార్లకు తగ్గినది. గుండె, రక్తపుపోటుల లయలు ఒకదానితో ఒకటి చక్కగా కలిసినవి. మతం వేరైనా ఫలితం ఒక్కటే.

ధ్యానంలో దేహం ప్రాణవాయువును తక్కువగా ఉపయోగించుకొనునని 1970లో వాలెస్ తెల్పినాడు. కాని 1984లో హోమ్స్ అనేక పరిశోధనలను సమీక్షించి, ఊరక విశ్రాంతిగా కూర్చున్నవారి దేహంలో కూడ ఇంచుమించు అంతటి శాంతి కలుగునని వాదించినాడు. ఇది నిరాశపడవలసిన విషయం కాదు. రహస్య మంత్రాలు, గొప్ప గురువులు లేకపోయినా, కొంతసేపు నెమ్మదిగా కూర్చొనుటయే మేలు చేయగలదన్నమాట.

పాఠం ఆరంభించుటకు ముందు రెండు నిమిషాలు తరగతి అంతా నిటారుగా కూర్చొని, శ్వాసలను ఒకటి నుండి పది వరకు లెక్కించవచ్చును. మనస్సు ప్రక్కకు పోతే తప్పేమీ లేదు. మరల ఒకటితో మొదలుపెట్టవలెను. అట్లా తిరిగి రావటమే ఇందులోని అభ్యాసం. నిద్రలేమి, భయం వారాల తరబడి బాధించే పిల్లవానికి మాత్రం ఇది చాలదు. అతనిని వైద్యునికి చూపించవలెను. మిగిలినవారికి, ప్రశ్నపత్రం చేతికి వచ్చిన క్షణంలో పది శ్వాసల వ్యవధి నష్టం కాదు. చదివినది జ్ఞప్తికి వచ్చుటకు అదే తోడ్పడవచ్చును.