మేకు కొట్టనివ్వని గోడ

మన చరిత్రని బావి దగ్గర రాశారు, గుడి ముందు రాశారు, కూలి అడిగిన గట్టు మీద రాశారు, శవాల దగ్గర రాశారు. అవన్నీ రాయాల్సినవే. అద్దె ఇంటి గడప దగ్గర మాత్రం ఎవరూ ఎక్కువసేపు నిలబడలేదు. పల్లెలో పుట్టి నాలుగక్షరాలు నేర్చుకుని టౌనుకొచ్చిన మాలమాదిగల మొదటి తరం, అంటే టీచర్లు, గుమాస్తాలు, నర్సులు, కండక్టర్లు, తలదాచుకుంది అద్దె కొంపల్లోనే. వాళ్ళక్కడ ఏం వండుకున్నారు? గోడకి ఏం తగిలించుకున్నారు? తీరుబడి దొరికితే చేతులకి ఏం పని పెట్టుకున్నారు? నేను గవర్నమెంటు స్కూల్లో సాంఘికశాస్త్రం చెప్తాను. హరప్పా వాళ్ళ గదులూ, కుండలూ, మురుగుకాలవలూ బోర్డు మీద బొమ్మలేసి మరీ చెప్తాను. నాలుగువేల ఏళ్ళ కిందటి వంటిల్లు చరిత్ర అయినప్పుడు మా అమ్మ వంటిల్లు ఎందుకు కాకుండా పోయింది?

ఉద్యోగరీత్యా నేను మూడు ఊళ్ళల్లో అద్దెకున్నాను. రేపల్లె, బాపట్ల, తెనాలి. మూడూ ఒకప్పుడు గుంటూరు జిల్లాలోవే. 2022లో బాపట్ల జిల్లా ఏర్పడ్డాక రేపల్లె అటు పోయింది, తెనాలి ఇటే ఉండిపోయింది. జిల్లాలు మారాయిగానీ ఇల్లు అడిగినప్పుడు ఎదురయ్యే ప్రశ్నలు మారలేదు.

అసలు మా ఇల్లెలా ఉండేదో ముందు చెప్పాలి. మాది రేపల్లె తాలూకాలో కృష్ణ కరకట్ట కింద మాదిగపల్లె. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి కాలవలొచ్చాక డెల్టా అంతా బంగారం పండిందంటారు. పండింది నిజమే. కోసినవాళ్ళం, కట్టలు మోసినవాళ్ళం, నూర్చినవాళ్ళం మేమే. మా ఇంటికొచ్చింది మాత్రం నూకలు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చేదాకా పండగనాడు తప్ప ముద్ద విరిగే అన్నం ఎరగమని అమ్మ చెప్పేది. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమని ముంచినప్పుడు కృష్ణకి ఇవతల మా వైపు గుడిసెలూ లేచిపోయాయి. మా నాయనమ్మ మళ్ళీ మట్టి పిసికి గోడలు లేపింది. ఎర్రమన్నుతో అలికి, అడుగున సున్నంతో చుక్కలు పెట్టేది. గోడలోనే ఒక గూడు తొలిచి దాన్లో దీపం బుడ్డి, దువ్వెన, పగిలిన అద్దంముక్క పెట్టుకునేది. మా ఇంటి అలంకరణ అంతా ఆ గూటిలోనే ఉండేది. మేకు కొట్టొద్దని అనేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. కానీ మట్టి గోడకి మేకు నిలవదు. మేకు నిలిచే సిమెంటు గోడ దగ్గరికి వచ్చేసరికి అది ఇంకొకరిదైంది.

డీయస్సీలో ఉద్యోగం రాగానే రేపల్లెలో ఇల్లు వెతికాను. ప్రభుత్వం ఇంటి అద్దె భత్యం ఇస్తుంది, ఇల్లు ఇవ్వదు. టు-లెట్ బోర్డు చూసి ఒకింటి మెట్లెక్కితే ఆ ఇంటావిడ మర్యాదగానే కూర్చోబెట్టింది.

"ఏ ఊరమ్మాయ్ మీది?"

చెప్పాను.

"ఊళ్ళో ఏ బజారు?"

"ఊరికి దక్షిణంగా అండి."

"మీ నాన్నగారు ఏం చేస్తారు?"

"కూలి పనికెళ్తారండి."

"మా ఆయన్నడిగి చెప్తాలే."

ఆ ఆయన ఇంతవరకూ చెప్పలేదు. కులం అన్న మాట ఆవిడ నోట ఒక్కసారి కూడా రాలేదు. మా జిల్లాల్లో ఊరికి ఏ దిక్కున ఉంటావో చెబితే చాలు, కులం అదే తెలిసిపోతుంది.

తర్వాత దొరికిన పోర్షనుకి ఒక షరతు. "నీసు వండకూడదు." మన భాషలో ఈ మాట చూడండి. చేపకీ మాంసానికీ నీచు అని పేరు. నీచం పక్కనే నీచు. తిండిని తిట్టే మాటే తినేవాడినీ తిడుతుంది. పోనీ ఆ ఓనర్లు శాకాహారులా అంటే, కాదు. ఆదివారం పూట మేడమీద నుంచి కోడికూర ఘుమఘుమ మా కిటికీలోకి దిగేది. అంటే మాంసానికి అభ్యంతరం లేదు. అది ఏ పొయ్యి మీద ఉడుకుతుందన్నదే వాళ్ళ పట్టింపు.

మా వంట ఏమంత గొప్పదని? ఎండు మెత్తళ్ళు నిజాంపట్నం వైపు నుంచి గంపల్లో వస్తాయి. తలలు గిల్లి, పొడి బాండీలో దోరగా వేయించి, ఇసక పోయేదాకా వేణ్ణీళ్ళలో మూడుసార్లు కడగాలి. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ మగ్గాక వంకాయ ముక్కలు, పల్చగా చింతపండు పులుసు, ఆఖర్న మెత్తళ్ళు. గుప్పెడు చేపతో ఐదుగురు తింటారు. మర్నాడు చద్దన్నంలోకి ఇంకా బాగుంటుంది. పెద్దకూర దొరికిన రోజున కొంత వండుకుని మిగతాది ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఎండేసేవాళ్ళు. కోతలు, ఊడ్పులు లేని నెలల్లో ఆ ఎండు తునకలే ఆధారం. ఎండబెట్టడం మాకు రుచి కోసం వచ్చిన అలవాటు కాదు. చేతిలో రోజూ డబ్బులుండవు, ఇంట్లో ఫ్రిజ్జు లేదు, పని ఏడాది పొడుగునా దొరకదు. ఆ మూడిటికీ కలిపి మా అమ్మలు కనిపెట్టిన లెక్క అది. దాన్ని వాసన అని కొట్టిపారేశారు. కిటికీలు మూసి, అగరొత్తి ముట్టించి, ఓనరు గుడికెళ్ళిన టైము చూసి పులుసు పెట్టుకోవడం మా తరం టౌన్లో నేర్చుకున్న వంట. ఏ వంటల పుస్తకంలోనూ ఈ పద్ధతి రాసిలేదు.

రేపల్లె నుంచి బాపట్లకి బదిలీ అయింది. బాపట్ల అంటే మనవాళ్ళకి మిషను గుర్తొస్తుంది. అమెరికన్ బాప్టిస్టులు 1880లలో అక్కడ మకాం పెట్టారు, పంతుళ్ళని తయారుచేసే ట్రైనింగు స్కూలు నడిపారు. అటు గుంటూరులో 1842లో దిగిన హయ్యరు దొర వెనక లూథరన్లు రేపల్లె, తెనాలి వైపు వచ్చారు. మాల, మాదిగ పిల్లలు పంతుళ్ళయింది చాలావరకు ఈ బడుల వల్లే. సున్నం వేసిన గోడ, గోడకి వాక్యాల క్యాలెండరు, కిటికీకి పాతచీర తెర, చేత్తో ఎంబ్రాయిడరీ వేసిన దిండు గలీబు. మన ఇళ్ళల్లోకి ఇల్లు సర్దుకోవడం అన్న ముచ్చట ఈ దారినే ఎక్కువగా వచ్చింది. దానిలో దొరసాని నేర్పింది కొంత, మన ఆడవాళ్ళు సొంతంగా కలుపుకున్నది కొంత. మా అమ్మ వైరు బుట్టలు అల్లేది, పాతచీరలు పొరలేసి బొంతలు కుట్టేది. పిల్లలకి ఫారాలు నింపేటప్పుడు 'హాబీ' అన్న గడి దగ్గర నాకు అమ్మ గుర్తొస్తుంది. నాట్లేసి వచ్చి, వండిపెట్టి, లాంతరు వెలుతురులో రంగు పక్కన ఏ రంగు ముక్క పెట్టాలో ఆలోచించుకున్న మనిషికి హాబీ లేదని ఎవరంటారు? తీరుబడి లేనిచోట కూడా అందాన్ని వెతుక్కున్న చేతులు అవి.

డిసెంబరు రాగానే కోస్తా పల్లెల్లో ఇంటి ముందు వెదురుబద్దల నక్షత్రం వెలుగుతుంది. పల్లెలో అది పండగ. అద్దె ఇంట్లో అదే నక్షత్రం కులధృవీకరణ పత్రంలా పనిచేస్తుంది. రాజ్యం కూడా దాన్ని చూస్తూనే ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాని మతానికి ముడేసింది. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని కలిపారు. క్రైస్తవంలోకి వెళ్ళినవాళ్ళని మన రాష్ట్రంలో బీసీ-సీ అన్నారు. మతం మారినవాళ్ళకి అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది కూడా బాపట్ల జిల్లా నుంచి వెళ్ళిన కేసులోనే. ఓనరేమో నక్షత్రం చూసి మాల, మాదిగ అని గుర్తుపడతాడు. చట్టమేమో నక్షత్రం చూసి నువ్వు మాలా కాదు మాదిగా కాదు అంటుంది. ఇద్దరి మధ్యా ఒక రంగుకాయితపు దీపాన్ని ఎక్కడ వేలాడదీయాలో తెలియక పల్లెలన్నీ కొట్టుమిట్టాడుతున్నాయి.

బాపట్ల ఇంట్లో గోడలకి మేకులు కొట్టొద్దన్నారు. కొట్టలేదు. అంబేద్కర్ ఫోటోని ముందు గదిలో టీవీ బల్ల మీద నిలబెట్టాను. అద్దె తీసుకోవడానికొచ్చిన ఓనరు దానివైపు చూసి, "లోపలి గదిలో పెట్టుకోకూడదా టీచరమ్మా, వచ్చేపోయేవాళ్ళు చూస్తారు" అన్నాడు. "చూడాలనే పెట్టానండీ" అన్నాను. మూణ్ణెల్లకి ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. వాళ్ళబ్బాయి వస్తున్నాడట.

ఈ దారిలో మనకంటే ముందు ఆయనే నడిచాడు. 1917లో అమెరికా, ఇంగ్లండు చదువులు చదివి బరోడా కొలువుకొస్తే అంబేద్కర్‌కి ఊళ్ళో గది దొరకలేదు. పార్శీ పేరు రాయించుకుని పార్శీల సత్రంలో దిగాడు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి బయటికి పొమ్మన్నారు. ఇద్దరు స్నేహితులనడిగాడు, ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరూ ఇంట్లో చోటివ్వలేకపోయారు. పార్కులో చెట్టు కింద కూర్చుని, రాత్రి రైలెక్కి బొంబాయి వెళ్ళిపోయాడు. తర్వాత బొంబాయి దాదర్‌లో సొంత ఇల్లు కట్టుకున్నప్పుడు దానికి రాజగృహ అని పేరు పెట్టి, ముందుగా పుస్తకాలకి చోటు చూసుకున్నాడు. కాబట్టి ఇంటిపేరు కొద్దిగా మార్చి చెప్పే మనవాళ్ళని నేను పిరికివాళ్ళనను. వాళ్ళచేత అబద్ధమాడించేది ఎవరో అడుగుతాను.

ఇక తెనాలి. దీన్ని ఆంధ్రా పారిస్ అంటారు. నాటకాలు, శిల్పులు, రచయితలు. 1909లో ఇక్కడ పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు మధ్యతరగతి సంసారాల లోగుట్టు విప్పి రాశాడు. గొప్పగా రాశాడు. ఆ ఇళ్ళల్లో పెరటిగుమ్మం నుంచి వచ్చి అంట్లు తోమిన మనిషి తన గుడిసెకెళ్ళి ఏం వండుకుందో రాయాల్సింది మనమే.

తెనాలికి ఇంకో చరిత్ర ఉంది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలని చంపారు. గొడవకి మొదలు మంచినీళ్ళ చెరువు దగ్గర, మన స్త్రీ ఒకామె కొరడాకి ఎదురుగా ఎత్తిన బిందె. మన చేతిలో ఇంటి సామాను కూడా ఆయుధంలా కనిపించింది వాళ్ళకి. ఆ సెప్టెంబరు 1న తెనాలిలోనే దళిత మహాసభ పుట్టింది. ఆరేళ్ళకి, 1991 ఆగస్టు 6న, తెనాలికి దగ్గర్లోని చుండూరులో ఎనిమిది మందిని నరికారు. అది సినిమా హాల్లో కాలు తగిలిందన్న మాటతో మొదలైంది. ఇల్లూవాకిలీ వదిలి వచ్చిన చుండూరు జనం తెనాలిలో రక్షణ సైన్యం వారి ఆవరణలో తలదాచుకున్నారు. ఈ తెనాలిలో మనవాళ్ళ వంటిల్లు అంటే ఆ రోజుల్లో మూడురాళ్ళ పొయ్యి, పైన ఆకాశం. చనిపోయినవాళ్ళని చుండూరులోనే పూడ్చి ఆ నేలకి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. పట్టుబట్టి సొంత ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది.

చుండూరు తర్వాతే మా పల్లె పెద్దలు ఊరి చావులకి డప్పు కొట్టం అని తీర్మానించుకున్నారు. మా నాయన డప్పు అప్పట్నుంచి అటక మీదే ఉంది. తెనాలి వచ్చేటప్పుడు నేను దాన్ని తెచ్చుకున్నాను. వానాకాలం చెమ్మకి చర్మం వదులవుతుంది, సెగ చూపిస్తే మళ్ళీ బిగుసుకుంటుంది. తోటి టీచరొకావిడ చూసి "భలే డెకరేషన్ అండీ, ఎక్కడ కొన్నారు?" అంది. కొనలేదని, వెట్టి మానేసి తెచ్చుకున్నామని చెప్పాను. ఆవిడ ఇంకేం అడగలేదు. టీ తాగి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది కూడా. ఆ మాటా చెప్పాలి.

తెనాలిలో ఇల్లు అడిగినప్పుడు కులం ముందు నేనే చెప్పాను. మూడిళ్ళు పోయాయి, నాలుగోది దొరికింది. ఢిల్లీ చుట్టుపక్కల ఇదే పరీక్ష చేసి 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ప్రచురించారు. ఇంటి కోసం అడిగినవాళ్ళ పేర్లే వేరు. పేరు చూసి ఇల్లు లేదన్నారు. పెద్ద నగరంలోనూ అంతేనన్నమాట. చట్టం లేక కాదు. 1955 నాటి అస్పృశ్యత నేరాల చట్టం, 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మారినది, నాలుగో సెక్షనులో స్పష్టంగా చెప్పింది: అస్పృశ్యత కారణంతో ఏ ప్రాంతంలోనైనా నివాసం ఉండనివ్వకపోవడం నేరం. కానీ "మా అబ్బాయి వస్తున్నాడు" అన్న మాట మీద ఏ స్టేషన్లో కేసు కడతారు? అది తెలిసే ఆ మాట కనిపెట్టారు.

అందుకే విద్యార్థులకి, కార్యకర్తలకి ఒక మాట. ఇల్లు లేదన్న ప్రతిసారీ తేదీ రాసుకోండి. వాళ్ళు అడిగిన ప్రశ్నలు అడిగిన వరసలోనే రాసుకోండి. అద్దె రశీదు అడిగి తీసుకోండి. మీ అమ్మ మెత్తళ్ళ పులుసు ఎలా పెడుతుందో, బొంతకి ఏ చీరలు వాడిందో, గూట్లో ఏమేం దాచుకునేదో అడిగి రాసుకోండి. కారంచేడు, చుండూరు గురించి కోర్టు కాయితాలైనా ఉన్నాయి. మన వంటిళ్ళకి ఆ కాయితం కూడా లేదు. జాషువా 1941లో గబ్బిలంతో మొరపెట్టుకునే మనిషిని రాశాడు. అతని గుడిసెకి వచ్చి కష్టం విన్నది ఆ గబ్బిలమే. ఇప్పుడు మనకి చదువుంది, కలముంది. మన ఇంటి సంగతి మనమే రాద్దాం. మేకు ఎవరి గోడకి కొట్టాలో తర్వాత తేల్చుకుందాం.