సరిహద్దు దాకా సాగనంపారు

1837 సెప్టెంబర్‌లో జర్మనీలోని హానోవర్ రాజ్యంలో ఉన్న గోటింగెన్ విశ్వవిద్యాలయం నూరేళ్ళ పండగ చేసుకుంది. కొత్తగా గద్దెనెక్కిన రాజు ఎర్న్‌స్ట్ ఆగస్ట్ కూడా ఆ ఉత్సవానికి వచ్చాడు. మూడు నెలలు తిరిగేసరికి అదే రాజు అక్కడి ఆచార్యుల్లో ఏడుగురిని ఒక్క కలంపోటుతో ఇంటికి పంపేశాడు.

వాళ్ళలో ఇద్దరు మనకు చిన్నప్పటినుంచీ తెలిసినవాళ్ళే. సిండ్రెల్లా, స్నోవైట్ కథలు సేకరించి అచ్చువేయించిన గ్రిమ్ అన్నదమ్ములు యాకోబ్, విల్‌హెల్మ్. మిగతావాళ్ళు చరిత్ర చెప్పే డాల్మన్, గెర్వీనుస్, న్యాయశాస్త్రం చెప్పే ఆల్‌బ్రెష్ట్, హీబ్రూ పండితుడు ఎవాల్డ్, భౌతికశాస్త్రజ్ఞుడు వేబర్. గణిత మేధావి గౌస్‌తో కలిసి 1833లో ఊరి ఇళ్ళ కప్పుల మీదుగా తీగ లాగి టెలిగ్రాఫ్ నడిపించింది ఈ వేబరే.

గొడవకు మూలం లండన్‌లో ఉంది. 1837 జూన్‌లో నాలుగో విలియం పోయాడు. పద్దెనిమిదేళ్ళ విక్టోరియా బ్రిటన్‌కు రాణి అయింది. అప్పటిదాకా హానోవర్‌ కూడా ఆ రాజు ఏలుబడిలోనే ఉండేది గానీ, అక్కడి వారసత్వ నియమం ఆడపిల్లకు గద్దె ఇవ్వదు. దాంతో ఆమె బాబాయి ఎర్న్‌స్ట్ ఆగస్ట్‌కు హానోవర్ దక్కింది. ఆయన వస్తూనే పార్లమెంటును పక్కన పెట్టాడు. నవంబర్ 1న, 1833 నాటి రాజ్యాంగం చెల్లదు పొమ్మన్నాడు. దానికి కట్టుబడి ఉంటామని ఉద్యోగులు చేసిన ప్రమాణాన్ని కూడా తానే రద్దు చేశాడు. ఒకరు చేసిన ప్రమాణాన్ని ఇంకొకరు ఎలా రద్దు చేస్తారన్న సందేహం ఆయనకు రాలేదు.

ఈ ఏడుగురికి వచ్చింది. నవంబర్ 18న డాల్మన్ రాసిన నిరసన లేఖ మీద అందరూ సంతకాలు పెట్టారు. లేఖలో రాజకీయం కన్నా పంతులుగిరీ ఎక్కువ. ప్రమాణాలతో ఆటలాడే మనుషులుగా పిల్లల కంట్లో పడ్డాక మేం చెప్పే పాఠానికి విలువేముంటుందన్నది అందులో అసలు మాట.

ఆ మాట విద్యార్థులకు సూటిగా తగిలింది. లేఖ చేతికందిందే తడవుగా నకళ్ళు తీయడం మొదలుపెట్టారు. ఒకడు చదువుతుంటే మరొకడు రాయడం, రాసినదాన్ని ఇంకొకడు ఎత్తి రాయడం. సంతకాలు పడ్డాక ఎన్నో రోజులు గడవకముందే ఆ లేఖ హానోవర్ బయట పత్రికలకెక్కింది.

వాళ్ళు చేసింది ప్రేమతోనే. కానీ రాజుకు లేఖ రాయడం కన్నా అది నలుగురి నోళ్ళలో పడడమే పెద్ద నేరంగా కనిపించింది. డాల్మన్, యాకోబ్ గ్రిమ్, గెర్వీనుస్‌ దాన్ని బయటికి పొక్కనిచ్చారన్నాడు. డిసెంబర్ 14న ఉత్తర్వు చేతికొచ్చింది. ఏడుగురికీ ఉద్యోగాలు పోయాయి. ఆ ముగ్గురూ మూడు రోజుల్లో రాజ్యం దాటాలి, దాటకపోతే జైలు. కుర్రాళ్ళు నిద్ర మానుకుని రాసిన నకళ్ళు వాళ్ళ గురువులకే ఉచ్చు బిగించాయి. అలాగని ఆ కుర్రాళ్ళను తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు.

తప్పు పట్టాలంటే వేరేవాళ్ళున్నారు. నవంబర్ ఆఖర్లో విశ్వవిద్యాలయం రెక్టారూ పెద్దలూ రోటెన్‌కిర్షెన్‌లోని రాజుగారి వేట బంగళాకు వెళ్ళి విధేయత ప్రకటించుకుని వచ్చారు. గౌస్ సంగతి వేరు. ఎవాల్డ్ ఆయన అల్లుడు, వేబర్ ఆయన కుడిభుజం. అయినా ఆయన సంతకం పెట్టలేదు. అరవై ఏళ్ళ మనిషి, ఇంట్లో చూపు పోయిన తొంభై దాటిన తల్లి. ఆయన మౌనాన్ని పిరికితనం అనేసి చేతులు దులుపుకోవడం తేలిక.

ఊళ్ళోకి సైనికులు దిగారు. విద్యార్థులకు బళ్ళు అద్దెకివ్వకూడదని బళ్ళవాళ్ళకు తాఖీదులు వెళ్ళాయి. దాంతో కుర్రాళ్ళు డిసెంబర్ చలిలో, రాత్రిపూట, కాలినడకన బయల్దేరారు. వెర్రా నది ఒడ్డున విట్సెన్‌హౌజెన్ ఉంది. అది హెస్సె రాజ్యం, గోటింగెన్ నుంచి పాతిక కిలోమీటర్ల దూరం. 17న పంతుళ్ళ బండి వంతెన దగ్గరికి వచ్చేసరికి వీళ్ళు ముందే అక్కడున్నారు. గుర్రాలను విప్పేసి, బండిని తామే లాక్కుంటూ తీసుకెళ్ళారు. ఉద్యోగాలు నిలబెట్టలేకపోయినవాళ్ళ చేతుల్లో ఇంకేముంది గనక!

సరిహద్దు దాటాక జరిగిన ఒక సంగతిని యాకోబ్ తర్వాత రాసుకున్నాడు. ఒక ముసలమ్మ తన మనవడితో, ఆ పెద్దమనిషికి చెయ్యి కలపరా, దిక్కులేక వచ్చినాయన అన్నదట. యాకోబ్ పుట్టింది హెస్సెలోనే. సొంతగడ్డ మీద శరణార్థి అనిపించుకున్నాడు. ఈ ఉదంతమంతా చెప్పే ఆ చిన్న పుస్తకాన్ని జర్మనీలో సెన్సారు వెలుగు చూడనివ్వదు కాబట్టి 1838లో స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో అచ్చువేయించాడు.

లైప్‌జిగ్‌లో కొందరు సంఘంగా ఏర్పడి చందాలు పోగుచేసి ఈ ఏడుగురి జీతాలకు సాయపడ్డారు. గ్రిమ్ సోదరులకు జర్మన్ నిఘంటువు పని దొరికింది. ఇద్దరూ అది ముగియకుండానే పోయారు. పని పూర్తయ్యేసరికి 1961 వచ్చింది. డబ్బు పడేస్తే నాట్యకత్తెలూ ప్రొఫెసర్లూ ఎక్కడైనా దొరుకుతారని రాజు అన్నాడని చెప్పుకుంటారు. దొరకలేదు. గోటింగెన్‌లో విద్యార్థుల సంఖ్య తగ్గిపోయింది. వేబర్ పదవి లేకుండానే కొన్నేళ్ళు గౌస్ పక్కన ఉండి, 1843లో లైప్‌జిగ్ వెళ్ళిపోయాడు. ఎవాల్డ్ భార్య మిన్నా, అంటే గౌస్ కూతురు, భర్త వెంట ట్యూబింగెన్ వెళ్ళి 1840లో అక్కడే కన్నుమూసింది.

1848 విప్లవం గాలికి తలుపులు కాస్త తెరుచుకున్నాయి. ఎవాల్డ్ తిరిగొచ్చాడు, ఆ మరుసటేడు వేబరూ వచ్చాడు. 1866లో ప్రష్యా హానోవర్‌ను మింగేసింది. కొత్త ప్రభువులకు విధేయతా ప్రమాణం చేయమంటే ఎవాల్డ్ చేయనన్నాడు. తనను ఒకప్పుడు వెళ్ళగొట్టిన ఆ రాజవంశానికే కట్టుబడి ఉన్నాడు. ఆచార్య పదవి రెండోసారి ఊడింది.