రాజ్యాంగసభలో మన దుర్గాబాయి



మా పెద్దతిప్పసముద్రమున రచ్చబండకడ వార్తాపత్రిక చదువునపుడు, అమెరికా కాంగ్రెసు సభలో నొక స్త్రీ యిట్లు వాదించెనని వినగానే పెద్దలు కొందఱు ముక్కుపై వ్రేలిడుకొందురు. ఆ దేశమునగూడ నిది ప్రాచీనాచారము కాదు. 1916లో మొంటానా రాష్ట్రమునుండి జెన్నెట్ రాంకిన్ అను నామె యెన్నికగువఱకు నా సభలో స్త్రీ కాలుమోపలేదు. అచట దేశమంతట స్త్రీలకు వోటు దొరకినది 1920లో. మన మదరాసు శాసనసభ మఱుసటి యేడే స్త్రీలకు వోటునొసగ సమ్మతించెను. ఆస్తిగల వారికి మాత్రమే యనుట వేఱు సంగతి. కావున పరదేశముల జూచి యాశ్చర్యపడుట చాలించి, నేడు మన తెలుగు ఆడుపడుచు కథ వినుడు.

దుర్గాబాయి 1909 జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. ఎనిమిదవ యేటనే వివాహము జరిగెను. ఈడు వచ్చినపిమ్మట నామె యా కాపురమునకు సమ్మతింపక, మఱొకతెను పెండ్లియాడవలసినదని భర్తకు తానే చెప్పెను. తండ్రియు సోదరుడు నామె పక్షమున నిలిచిరి. ఆ కాలమున నట్టి తండ్రి వేయింట నొకడు.

ఇచట నా మాట యొకటి చెప్పక తప్పదు. నేను తెలుగు బోధించు కాలమున నెనిమిదవ తరగతిలో నొక బాలిక యుండెను. నల్లబల్లపై నేను తప్పుగా వేసిన గణమును లేచి దిద్దిన పిల్ల. వేసవి సెలవులు ముగిసినపిమ్మట తండ్రి వచ్చి, "పాపకు సంబంధం కుదిరింది అయ్యవారూ, టీసీ ఇప్పించండి" అనెను. ఆ వయస్సున పెండ్లి చట్టవిరుద్ధమని నేనెఱుగుదును. ఒక్కమాటయైన నడ్డు చెప్పక కాగితము వ్రాయించి యిచ్చితిని. పెండ్లికి బోయి యక్షతలుగూడ వేసి వచ్చితిని. దుర్గాబాయి చరిత్రము చదివినపుడెల్ల నా పిల్ల నా కన్నులయెదుట నిలుచును.

1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభ జరిగినపుడు దుర్గాబాయికి పదునాలుగేండ్లు. ఖాదీ ప్రదర్శనశాల వాకిట సేవికగా నిలిచి, చీటిలేని వారిని లోనికి పోనీయరాదన్న యాజ్ఞను పాటించుచుండెను. జవహర్‌లాల్ నెహ్రూ చీటిలేక రాగా నాయననుగూడ నాపెను. నిర్వాహకులు కోపించిరిగాని, చీటి కొనినపిమ్మటనే యామె దారి విడిచెను. నెహ్రూ యామె కర్తవ్యనిష్ఠను మెచ్చుకొనెను.

1930లో నుప్పు సత్యాగ్రహము వచ్చెను. మూడేండ్లలో నామె మూడుమార్లు చెఱసాలకు బోయెను. మధురలో నొంటరికొట్టునగూడ నుంచిరి. అయిన నామె జీవితమును మలుపు త్రిప్పినది మన చిత్తూరునకు చేరువనున్న వేలూరు చెఱసాల. అచట సామాన్యపు నేరములక్రింద బంధింపబడిన స్త్రీలతో నామె మాటలాడెను. వారిలో కొందఱు తాము చేయని నేరమునే చేసితిమని యొప్పుకొని శిక్ష ననుభవించుచుండిరి. చదువులేదు, చట్టము తెలియదు, న్యాయస్థానమున నేమి పలుకవలెనో చెప్పు దిక్కులేదు. విడుదలయైన పిమ్మట న్యాయశాస్త్రము చదివితీరవలెనని యామె యచటనే నిశ్చయించుకొనెను.

అప్పటికామెకు మెట్రిక్యులేషను సైతము లేదు. ఇరువదియేండ్లు దాటినపిమ్మట కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు గూర్చుండెను. తరువాత వాల్తేరులోని యాంధ్ర విశ్వకళాపరిషత్తునకు బోగా, ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు స్త్రీలకు వసతిగృహము లేదని సంశయించిరి. కట్టమంచివారు మన చిత్తూరివారే గదా. వారికి పట్టుదలగల మనుష్యు లన్న నిష్టమే. దుర్గాబాయి పత్రికలో ప్రకటన వేయించి, చదువగోరు బాలికలను కొందఱను కూడగట్టి, తానే వసతిగృహము నేర్పఱచి వారియెదుట నిలిచెను. ప్రవేశము దొరకెను. 1942లో మదరాసున న్యాయశాస్త్రపట్టము పొందెను. అంతకుముందే, 1937లో, తనవలె చదువు మధ్యలో నాగిన స్త్రీలకొఱకు మదరాసులో నాంధ్ర మహిళాసభను స్థాపించియుండెను.

1946లో మదరాసునుండి రాజ్యాంగసభ కెన్నికయ్యెను. సభాధ్యక్షునికి బదులుగా పీఠమధిష్ఠింపదగినవారి పట్టికలో స్త్రీ యీమె యొకతెయే. రాజ్యసభ సభ్యత్వమునకు ముప్పదియైదేండ్లుండవలెనని ముసాయిదాలో నుండగా, ముప్పది చాలునని 1949 జనవరిలో సవరణ ప్రతిపాదించెను. వయస్సు పెరిగినంతనే వివేకము పెరుగదని యామె వాదము. మనబోటి వృద్ధుల కిది రుచింపకపోవచ్చును, సభ యంగీకరించెను. నేటికి నా ముప్పదియే చెల్లుచున్నది.

ఇంత చేసిన యామెను 1952 యెన్నికలలో ప్రజ లోడించిరి. అమెరికాలో రాంకినుకును 1918లో నిట్లే యోటమి కలిగెను. దుర్గాబాయి మాత్రము ప్రణాళికాసంఘ సభ్యురాలై, 1953లో నేర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి యధ్యక్షురాలయ్యెను. ఆ యేడే ఆర్థికమంత్రి చింతామణి దేశముఖ్‌ను వివాహమాడెను. కాకినాడ వాకిట నిలిపివేయబడిన నెహ్రూయే యా పెండ్లికి సాక్షి. ఆ మండలి 1958లో, బడి మానిన వయోజన స్త్రీలు కొలది కాలములో పరీక్షకు సిద్ధపడునట్లు సంక్షిప్త విద్యాప్రణాళిక నారంభించెను. నేనా సంగతి విచారించి మా బాలికకొక జాబైన వ్రాసియుండవలసినది. వ్రాయలేదు.

కుటుంబకలహములకు ప్రత్యేక న్యాయస్థానము లుండవలెనని యామె చిరకాలము కోరెను. 1981 మే 9వ తేదీన నామె మరణించెను. ఆ చట్టము 1984లో వచ్చెను.

ఈ కథ రచ్చబండకడ చెప్పినపుడు ఒక ముసలమ్మ, "మరి ఆ మొదటి ఆయప్ప ఏమాయె, అయ్యవారూ?" అని యడిగినది. ఆయన వేఱొకతెను వివాహమాడి 1941లో మరణించెను. అత్తవారింట నాదరణ కఱవైన యా వితంతువును దుర్గాబాయియే చేరదీసి, ఆంధ్ర మహిళాసభలో నుంచి, చేతిపని నేర్పించి, యుద్యోగము చూపించెను.