మాచ్‌ఖండ్ నుంచి సవరవిల్లి దాకా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కరెంటు కథ కొండల్లో మొదలైంది, అదీ నీటితో. మాచ్‌ఖండ్ నది డుడుమ దగ్గర నూటయాభై మీటర్లకు పైగా లోతుకు దూకుతుంది. ఆ ఉరవడిని విద్యుత్తుగా మార్చుకోవాలని మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు 1940ల్లోనే ఒప్పందం చేసుకున్నాయి. ఎగువన జలాపుట్ దగ్గర ఆనకట్ట లేచింది. 1955 ఆగస్టులో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ విద్యుత్ కేంద్రాన్ని ప్రారంభించారు. ఆరు యూనిట్లూ పూర్తయ్యాక దాని సామర్థ్యం 120 మెగావాట్లు. ఇప్పటి పెద్ద థర్మల్ యూనిట్ ఒక్కదాని ముందు కూడా అది దిగదుడుపే. అప్పట్లో మాత్రం ఉత్తరాంధ్రకు అదే పెద్ద దిక్కు.

ఆ కరెంటును ఆబగా అందుకున్నవి కొలుములు. చీపురుపల్లి, గర్భాం చుట్టుపక్కల మాంగనీసు గనులు అంతకు ముందు నుంచే ఉన్నాయి. ఖనిజం ఓడలెక్కి పోయేది. గరివిడి పక్కన శ్రీరామ్‌నగర్‌లో 1957లో ఫెర్రో మాంగనీస్ కర్మాగారం మొదలయ్యాక ఇక్కడే కరిగించడం సాధ్యమైంది. టన్ను ఫెర్రో మాంగనీసు తీయాలంటే దాదాపు మూడు వేల యూనిట్ల కరెంటు కావాలి. దగ్గరలో చవక కరెంటు లేకపోతే ఆ పరిశ్రమ ఊసే ఉండేది కాదు. అప్పటికి చీపురుపల్లి తాలూకా శ్రీకాకుళం జిల్లాలోనిదే. విజయనగరం జిల్లా పుట్టింది 1979లో.

జలాపుట్ ముంపులో ఊళ్లు పోగొట్టుకున్న గిరిజనుల వాడల్లో దీపం వెలగడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. కరెంటు పుట్టే చోటు ఒకటి, వెలిగే చోటు మరొకటి. ఈ రెండు జిల్లాల చరిత్రలో ఆ తర్వాత జరిగిన గొడవలన్నిటికీ మూలం అక్కడే ఉంది.

పొలాలకు కరెంటు మెల్లగా వచ్చింది. ఇక్కడి సేద్యం ఎక్కువగా వంశధార, నాగావళి కాలువల మీద, చెరువుల మీద, వాన మీద నడిచేది. రాయలసీమలోలా ఊరి నిండా బోర్లుండవు. అయినా మెట్ట చేలల్లో మోటార్లు లేచాయి. ఎన్టీ రామారావు ప్రభుత్వం హార్స్‌పవర్‌కు ఇంత అని స్లాబు పెట్టడంతో మీటర్లతో పని లేకుండా పోయింది. 2004లో వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి అయిన రోజే వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం చేశారు. ఉచితమే గానీ, త్రీఫేజు ఎప్పుడొస్తే అప్పుడే నీళ్లు. అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని, పాములకు భయపడుతూ గట్ల వెంట మోటారు వేయడానికి పోయిన రైతులకు ఆ ఉచితం విలువెంతో బాగా తెలుసు.

ఈలోగా బొగ్గు వచ్చింది. సముద్రతీరం, చేతికందే దూరంలో రైలు మార్గం, రికార్డుల్లో ‘పనికిరాని’ భూమి. థర్మల్ కేంద్రం పెట్టాలనుకునేవారికి ఇంతకంటే ఏం కావాలి? సోంపేట దగ్గర నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ 1,980 మెగావాట్ల కేంద్రం తలపెట్టింది. సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి దగ్గర ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ 2,640 మెగావాట్లకు సిద్ధమైంది. ఒకటి బీల నేల, మరొకటి తంపర నేల. కాగితం మీద బీడు. నిజంలో వరి పండే, చేపలు పట్టే, పశువులు మేసే చిత్తడి.

సోంపేటలో పర్యావరణ పరిరక్షణ సంఘం చుట్టూ రైతులు, మత్స్యకారులు ఒక్కటయ్యారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. చిత్రమేమంటే, ఆ రోజే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని కొట్టేసింది. ఏడాది తిరక్కుండా, 2011 ఫిబ్రవరి 28న, కాకరాపల్లి దగ్గర వడ్డితాండ్రలో మళ్లీ కాల్పులు. కేంద్ర విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఇ.ఎ.ఎస్. శర్మ ఈ ప్రాజెక్టులకు వ్యతిరేకంగా నిలబడ్డారు. సోంపేట కేంద్రం రాలేదు. కాకరాపల్లిది సగం కట్టడంతో ఆగింది, సంస్థ దివాలా ప్రక్రియలోకి పోయింది. రణస్థలం మండలం కొవ్వాడలో ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు అణు రియాక్టర్ల ప్రతిపాదన ఇప్పటికీ నలుగుతూనే ఉంది.

కాకరాపల్లి ఉన్న మండలంలోనే నౌపడ ఉంది. ఇక్కడి ఉప్పుమళ్లకు పేరుంది. పర్లాకిమిడి రాజా 1900లో వేయించిన చిన్న రైలు మార్గం నౌపడలోనే మొదలయ్యేది. క్రీకు నీటిని మళ్లలోకి తోడి, ఎండకూ గాలికీ వదిలేసి, పేరుకున్న ఉప్పును చెక్కతో గీకి పోగేస్తారు. వానాకాలం వస్తే పని బంద్. ఈ తీరంలో సూర్యశక్తి మీద నడిచిన పెద్ద పరిశ్రమ అంటే ఇదే. సౌర విద్యుత్తు గురించి శ్రీకాకుళంలో ఎవరు ప్రసంగించినా అరసవల్లి సూర్యనారాయణుడితో మొదలుపెడతారు. నౌపడ ఉప్పు కార్మికుడు మాత్రం ఎవరికీ గుర్తుకు రాడు.

ఎండ ఇంత ఉంటే సోలార్ పార్కు ఇక్కడ ఎందుకు రాలేదు? కారణం భూమే. అప్పటి కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామాల దగ్గర 1,000 మెగావాట్ల పార్కు 2017కల్లా దాదాపు ఆరువేల ఎకరాల్లో సిద్ధమైంది. అప్పటి అనంతపురం జిల్లా ఎన్.పి. కుంటలో మరొకటి. అక్కడ వాన తక్కువ, మబ్బు తక్కువ, ఖాళీ నేల ఎక్కువ. ఉత్తరాంధ్రలో ఆరువేల ఎకరాలు ఒక్కచోట కావాలంటే ఎన్నో ఊళ్లు కదలాలి, లేదా మరో బీల మీద పడాలి. సోంపేట తర్వాత ఆ మాట ఎత్తడానికి ఎవరికి ధైర్యం? పొరుగున పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రంలో ఎన్‌టీపీసీ 2021లో సొంత జలాశయం మీదే 25 మెగావాట్ల పలకలను తేల్చడం వెనక కూడా భూమి చిక్కు తప్పించుకునే తెలివి ఉంది.

2020లో శ్రీకాకుళం ప్రయోగశాల అయింది. పొలం మోటార్లకు మీటర్లు పెట్టి, బిల్లు డబ్బును రైతు ఖాతాలో వేసే పథకానికి ప్రభుత్వం ఈ జిల్లాను ఎంచుకుంది. ఇక్కడి కనెక్షన్లు దాదాపు 28 వేలు. అప్పటికి రాష్ట్రమంతటా చూస్తే 18 లక్షల దాకా ఉండేవి. చిన్న లెక్కతో ప్రయోగం సులువు. వినియోగం మూడో వంతు తగ్గిందని ప్రభుత్వం చెప్పింది. మీటర్లు ఉచితానికి ఎసరు పెడతాయని రైతు సంఘాలు అనుమానించాయి.

ఆ మోటార్లకు పగటిపూట తొమ్మిది గంటల కరెంటు ఇవ్వడానికి ప్రభుత్వం 2021 డిసెంబరులో కేంద్ర సంస్థ సెకీతో 7,000 మెగావాట్ల సౌర విద్యుత్తుకు ఒప్పందం చేసుకుంది. ధర యూనిట్‌కు 2 రూపాయల 49 పైసలు. పలకలుండేది రాజస్థాన్‌లో. సొంత చేను మీద పడే ఎండను వదిలేసి, దేశానికి ఆ చివర ఎడారి ఎండను హైటెన్షన్ తీగల మీద తెప్పించుకోవడం. ధర చూస్తే తప్పు పట్టలేం. కానీ పలకల కింద కౌలు, కాపలా, పని, అన్నీ అక్కడే మిగిలిపోతాయి.

దీనికి పూర్తిగా వేరే దారి అంతకు ముందే విజయనగరం జిల్లాలో ఒకచోట మొదలైంది. భోగాపురం మండలం సవరవిల్లి వ్యవసాయ ఫీడరు మీద ఉన్న సుమారు 250 మోటార్లను తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ మార్చేసింది. పాత మోటార్ల బదులు బీఎల్‌డీసీ రకం మోటార్లు, పక్కనే సౌర పలకలు. ఈ మోటార్లు తక్కువ కరెంటుతో నడుస్తాయి కాబట్టి పలకలూ తక్కువ సరిపోతాయి. అసలు కిటుకు మరొకటుంది. పొలానికి నీళ్లు కావలసిన రోజులు ఏడాదిలో కొన్నే. మిగతా రోజుల్లో ఆ పలకలు ఊరికే ఎండలో పడి ఉండకుండా కరెంటును గ్రిడ్‌కు పంపుతాయి. అలా పంపిన యూనిట్‌కు రైతుకు రూపాయిన్నర. నీళ్లు ఎంత పొదుపుగా వాడితే చేతికి అంత డబ్బు. ఉచిత విద్యుత్తు ఏనాడూ నేర్పని పొదుపును ఆ రూపాయిన్నర నేర్పగలదు. సవరవిల్లి పరిసరాల్లోనే ఇప్పుడు విమానాశ్రయం లేచింది. ఆ భూముల ధర ముందు రూపాయిన్నర ఏ మూలకు?

ఇక ఇంటి పైకప్పు. 2024లో వచ్చిన ‘పీఎం సూర్యఘర్’ కింద మూడు కిలోవాట్ల పలకలకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ వస్తుంది. భూసేకరణ లేదు, కాల్పులు లేవు. అయితే తీరంలో ఇల్లున్నవాళ్లు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు స్తంభాలూ వేలల్లో కూలాయి. ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు పైకప్పు మీద పలకలున్న ఇల్లయినా వెలుగుతుందా? మామూలు అమరికలో వెలగదు. లైను బాగుచేసే సిబ్బందికి షాకు కొట్టకుండా, గ్రిడ్‌లో కరెంటు పోగానే ఇన్వర్టర్ తానంతట తానే ఆగిపోతుంది. ఆగకుండా ఉండాలంటే బ్యాటరీ, దానికి తగిన ఇన్వర్టర్ కావాలి. ఆ 78,000 లెక్కలో బ్యాటరీ లేదు.