పొలము, పట్టా, దున్నినవాడు

"ఇది మా తాతగారి నాటి పొలము" అని మనము తరచు చెప్పుకొందుము. ఆ మాటలో మమకారము కలదు గాని చరిత్ర యంతయు లేదు. గట్టు కదలకపోయినను, గట్టు లోపలి హక్కు పలుమారులు కదలినది. ఉత్తర సర్కారులలోని జమీందారీ గ్రామపు పొలము నొకదానిని తలచుకొందము.

పూర్వము ఒకే మడిపై రెండు హక్కులుండెడివి. పంటలో ప్రభువునకు చెందు భాగము మేలువారము. సేద్యగానికి దక్కునది కుడివారము. రాజు భూదానము చేసినపుడు తరచు చేతులు మారినది మేలువారమే. నాగలి పట్టిన చేయి మారలేదు.

1802లో మద్రాసు ప్రభుత్వము శాశ్వత శిస్తు నిర్ణయమును ప్రవేశపెట్టినది. జమీందారు ఏటేట చెల్లింపవలసిన పేష్కషు స్థిరపడినది. అతడే భూస్వామిగా గుర్తింపబడినాడు. పేష్కషు బాకీపడిన ఎస్టేటు వేలమునకు వచ్చెడిది. వేలము పాడినవాడు తానెన్నడును చూడని పొలమునకు యజమాని యగును! తరతరములుగా దున్నినవాని హక్కు మాత్రము వివాదమున పడినది.

1908 నాటి మద్రాసు ఎస్టేటు భూముల చట్టము ఆ వివాదమును చాలవరకు తీర్చి, రైతునకు శాశ్వతమైన సాగుహక్కు నిచ్చినది. అది బిడ్డలకు సంక్రమించును, దానిని విక్రయింపవచ్చును. 1948 నాటి చట్టముచే ఎస్టేట్లు ప్రభుత్వపరమైనవి. జమీందార్లకు నష్టపరిహారమును, రైతులకు రైతువారీ పట్టాలును లభించినవి.

ఐనను కథ ముగియలేదు. పట్టా పొందిన రైతే పొలమును కౌలున కిచ్చినచో, మేలువారము కుడివారముల పాత భేదము క్రొత్తరూపమున తలయెత్తును. 1956 నాటి ఆంధ్ర కౌలుదారీ చట్టము, 2011 నాటి అధీకృత సాగుదారుల చట్టము ఈ చిక్కును విప్పుటకు చేసిన యత్నములే. నోటిమాటపై కౌలు చేయువానికి బ్యాంకు ఋణమును, పంటనష్ట పరిహారమును నేటికిని సులభముగా అందుట లేదు. ఇంటి ఆడపడుచు సంగతియు నట్టిదే. నాట్లు వేసి కలుపు తీసిన ఆమెకు, ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమారునితో సమమైన హక్కు దేశమంతటను చట్టబద్ధమైనది 2005లో.

కావున పాత అడంగలును, దస్తావేజులను విప్పినపుడు అందు ఎవరి పేరున్నదో చూచి తృప్తిపడరాదు. ఆ మట్టిలో చెమటోడ్చియు కాగితమున కెక్కని వారెవరో ఇంటి పెద్దలను అడిగి వ్రాసికొనవలెను. అపుడే అది పొలము చరిత్ర యగును. లేనిచో పట్టా చరిత్ర మాత్రమే.