ఖదీజా కంఠహారము

క్రీస్తుశకము 624వ సంవత్సరము. అరేబియా దేశమున బద్రు అను బావుల యొద్ద జరిగిన యుద్ధము ముగిసినది. మక్కానుండి వచ్చిన సుమారు 1000 మంది ఖురైషులను, 300 మందికి కొంచెము మించిన బలముతో మదీనావారు ఓడించిరి. సుమారు 70 మంది ఖురైషులు బందీలుగా చిక్కిరి. మక్కాలోని బంధువులు విమోచనధనము పంపి తమవారిని విడిపించుకొనసాగిరి. ధనవంతుని కింత, సామాన్యున కింత అని వెల నిర్ణయింపబడెను. ఏమియు నిచ్చుకొనలేని వారు కొందరు ఊరకయే విడువబడిరి.

అట్లు వచ్చిన సొమ్ములలో ఒకనాడు ఒక కంఠహారము కనబడెను. దానిని చూచినంతనే మహమ్మదు ప్రవక్త హృదయము ద్రవించిపోయెనని ఇస్లాం సంప్రదాయము చెప్పుచున్నది. ఆ హార మెవరిది? యుద్ధమున జయము గొన్న నాయకుని మనస్సు కరగించుటకు దానియం దేమున్నది?

ఈ ప్రసంగమున మేము శ్రోతలకు విన్నవింపదలచినది ఆ హారము కథయే. ప్రవక్త చేసిన యుద్ధములను, సంధులను, బోధలను చరిత్ర గ్రంథములు విరివిగా వర్ణించినవి. కాని ఆయన ఒక భర్త, ఒక తండ్రి, ఒక యింటి యజమానుడు కూడ. ఆ యింటి కథ తెలియనిచో ఆ జీవితము సగమే తెలిసినట్లగును. మన యూళ్ళలో ఖదీజాబీ, జైనబ్బీ, ఫాతిమాబీ అను పేర్లు మనము వినుచునే యుందుము. ఆ పేర్లన్నియు ఆ యింటినుండి వచ్చినవే.

ప్రవక్త సుమారు 570లో మక్కా నగరమున జన్మించిరి. తండ్రి అబ్దుల్లా అంతకుముందే గతించెను. ఆరవయేట తల్లి ఆమినా, ఎనిమిదవయేట తాత అబ్దుల్ ముత్తలిబు కన్నుమూసిరి. పెదతండ్రి అబూతాలిబు ఆ బాలుని పెంచెను. ఆయన గౌరవనీయుడే గాని కలవాడు కాడు. ఇట్లు ఇంటినుండి యింటికి మారుచు పెరిగిన యువకునకు తనదను గృహము ఇరువదియైదవయేట గాని దొరకలేదు. ఆ గృహము నిచ్చినది ఖదీజా.

ఖువైలిదు కుమార్తెయైన ఖదీజా ఖురైషులలో గౌరవముగల వంశమునకు చెందిన స్త్రీ. అంతకుముందు రెండు పెండ్లిండ్లు చేసికొనియుండెను. స్వంత ధనముతో వర్తకము చేయుచు, సిరియా దేశమునకు బిడారులను పంపుచుండెను. నమ్మకస్థుడని పేరువడిన మహమ్మదును ఒక బిడారునకు నియోగించి, తన సేవకుడు మైసరాను తోడుగా పంపెను. వ్యాపారమున మంచి లాభము వచ్చెను. లాభముకంటె మైసరా తిరిగివచ్చి చెప్పిన నడవడి వృత్తాంతమే ఆమె మనస్సును ఎక్కువగా ఆకర్షించెను. పెండ్లి ప్రస్తావన ఆమె పక్షముననే వచ్చినది. నఫీసా అను చెలికత్తె రాయబారము నడపెనని ఒక వార్త. సుమారు 595లో వివాహము జరిగెను. అప్పటికి వధువు వయస్సు నలువది యేండ్లని ప్రసిద్ధి. ఇరువదియెనిమిది అని చెప్పువారును కలరు.

ఆ దాంపత్యము సుమారు ఇరువదియైదు సంవత్సరములు సాగినది. బహుభార్యాత్వము సామాన్యమైన ఆ దేశకాలములలో, ఖదీజా జీవించియున్నంతవరకు ప్రవక్త మరియొక భార్యను గ్రహింపలేదు. వారికి కాసిము, అబ్దుల్లా అను కుమారులును, జైనబు, రుఖయ్యా, ఉమ్మెకుల్సూము, ఫాతిమా అను నలుగురు కుమార్తెలును కలిగిరని అధికసంఖ్యాకుల సంప్రదాయము. కుమారులిరువురును పసితనముననే పోయిరి. ఆ యింట పెరిగినవారు కన్నబిడ్డలు మాత్రమే కారు. కరవు వచ్చినపుడు అబూతాలిబు భారమును తగ్గించుటకు ఆయన కుమారుడు అలీని ప్రవక్త తమ యింటికి తెచ్చుకొనిరి. ఖదీజా కానుకగా నిచ్చిన జైదు అను దాసుని విడిపించుకొనుటకు అతని తండ్రి వెదకికొనుచు వచ్చెను. పోవుటయో, ఉండుటయో నీ యిష్టమని ప్రవక్త జైదునకే విడిచిరి. జైదు ఆ యింటనే యుండుటకు కోరుకొనెను.

610వ సంవత్సరమున హిరా గుహలో ప్రవక్తకు తొలి దైవసందేశము లభించెనని ముస్లిముల విశ్వాసము. ఆయన గడగడ వణకుచు ఇంటికి వచ్చి, తమకు దుప్పటి కప్పుమని భార్య నడిగిరి. తమకేమి సంభవించినదో తమకే తెలియని భయము. అప్పుడు ఖదీజా చెప్పిన ధైర్యవచనములను సంప్రదాయము పదిలపరచినది. బంధువుల నాదరించువారిని, దిక్కులేనివారి భారము మోయువారిని, అతిథులను సత్కరించువారిని దేవుడు అవమానింపడని ఆమె వాదము. ఇది తత్త్వశాస్త్రము కాదు. పదునైదేండ్లు కాపురము చేసిన యిల్లాలు భర్త గుణమును చూచి చెప్పిన సాక్ష్యము. పిమ్మట ఆమె క్రైస్తవ గ్రంథములు చదివిన తన బంధువు వరఖా యొద్దకు ఆయనను తోడ్కొనిపోయెను. ఆ సందేశమును మొట్టమొదట విశ్వసించినది ఆమెయే.

నూతనబోధ మక్కా పెద్దలకు గిట్టలేదు. ఆ వైరము ముందుగా ఇంటి ఆడపడుచుల మీద పడెను. రుఖయ్యా, ఉమ్మెకుల్సూములను అబూలహబు కుమారుల కిచ్చియుండిరి. అబూలహబు వారిచేత ఆ సంబంధములను తెంపించెను. పెద్దకుమార్తె జైనబు భర్త అబుల్ ఆసు. అతడు ఖదీజా చెల్లెలైన హాలా కుమారుడు, వర్తకుడు. భార్యను విడిచిపెట్టుమని, కోరిన ఖురైషు కన్యను తెచ్చి పెండ్లి చేయుదుమని పెద్దలు అతనికి చెప్పిరి. అతడు ఒప్పుకొనలేదు. మామగారి మతమును స్వీకరింపను లేదు, భార్యను వదలను లేదు.

తరువాత ప్రవక్త వంశమువారిని ఖురైషులు వెలివేసిరి. క్రయవిక్రయములు, వివాహసంబంధములు నిషేధింపబడెను. సంపదలో పుట్టిపెరిగిన ఖదీజా ఆ కొరతల దినములను భర్తతోపాటు అనుభవించెను. వెలి తొలగిన కొలదికాలమునకే, 619లో, ఆమె కన్నుమూసెను. అబూతాలిబు కూడ ఆ సంవత్సరమే గతించెను. ముస్లిములు దానిని దుఃఖసంవత్సరమని పిలుతురు. 622లో ప్రవక్త మదీనాకు వలసపోయిరి. జైనబు మాత్రము భర్తతో మక్కాలోనే నిలిచిపోయెను.

ఇప్పుడు మరల బద్రు యుద్ధమునకు వత్తము. ఆ యుద్ధమున అబుల్ ఆసు ఖురైషుల పక్షమున వచ్చి బందీయయ్యెను. ఒకవైపు తండ్రి, ఒకవైపు భర్త, నడుమ జైనబు. ఎవరు గెలిచినను ఆమెకు శోకము తప్పదు. భర్తను విడిపించుటకు ఆమె పంపిన సొమ్ములలో ఒక హారముండెను. పెండ్లినాడు తల్లి ఖదీజా కుమార్తె మెడలో వేసి అత్తవారింటికి పంపిన హారమది. తల్లి పోయి అయిదేండ్లు కాలేదు. ఆ దినములలోనే మరియొక కుమార్తె రుఖయ్యా మదీనాలో జబ్బుపడి మరణించినది; బద్రు విజయవార్త వచ్చునప్పటికి ఆమెకు సమాధి కట్టుచుండిరని చెప్పుదురు. అట్టి సమయమున ఆ హారము తండ్రి కంటబడెను.

ఇచ్చట మనము గమనింపదగిన విషయ మొకటి కలదు. ఆ ధనము ప్రవక్త సొంతము కాదు, యుద్ధము చేసినవారందరిది. నాయకుడనని ఆయన ఆజ్ఞాపింపలేదు. మీకు సమ్మతమైనచో ఆమె బందీని విడిచి, ఆమె సొమ్మును ఆమెకు తిరిగి యిండని అనుచరులను అడిగిరి. వారు సమ్మతించిరి. హారము మక్కాకు మరలిపోయెను. అయితే జైనబును మదీనాకు పంపవలెనని అల్లుని యొద్ద మాట తీసికొనిరి. ఇరువురి మతములు వేరైనందున కాపురము కొనసాగుట కష్టమైనది.

అబుల్ ఆసు మాట నిలుపుకొని భార్యను సాగనంపెను. ఆ ప్రయాణము సుఖముగా జరుగలేదు. శత్రువులు దారిలో అడ్డగించి ఒంటెను బెదరింపగా, గర్భవతియైన జైనబునకు గర్భస్రావమయ్యెనని వార్త. ఎట్టకేలకు ఆమె తండ్రి యింటికి చేరెను. భార్యాభర్తలు కొన్ని సంవత్సరములు వేరువేరుగా జీవించిరి. సంప్రదాయగ్రంథములలో జైనబు మరల పెండ్లాడిన మాట కానరాదు.

సుమారు 627లో సిరియానుండి వచ్చుచున్న ఒక ఖురైషు బిడారును మదీనావారు పట్టుకొనిరి. అందున్న అబుల్ ఆసు తప్పించుకొని, రాత్రివేళ జైనబు ఇంటికి వచ్చి శరణు వేడెను. వేకువ ప్రార్థన వేళ ఆమె స్త్రీల పంక్తినుండి ఎలుగెత్తి, అతనికి తాను అభయమిచ్చితినని ప్రకటించెను. ప్రార్థన ముగిసినపిమ్మట ప్రవక్త, ఈ సంగతి తమకును ముందు తెలియదని చెప్పి, ఆమె యిచ్చిన అభయమును అంగీకరించిరి. అబుల్ ఆసు సరకులన్నియు తిరిగి యిచ్చివేయబడెను. అతడు మక్కాకు పోయి ఎవరి సొమ్ము వారికి లెక్కగా ఒప్పగించెను. ఆ తరువాతనే తాను ఇస్లామును స్వీకరించితినని అందరియెదుట చెప్పెను. ముందే చెప్పినచో సొమ్ము అపహరించుటకని జనులు తలతురని అతని సంకోచము. 628లో అతడు మదీనాకు రాగా భార్యాభర్తలు కలిసికొనిరి. పాత వివాహబంధమే నిలిచినదని ఒక వార్త, నూతనముగా వివాహము చేసిరని మరియొక వార్త. ఆ సౌఖ్యము ఎక్కువకాలము నిలువలేదు. 629లో జైనబు పరమపదించెను. ఆమె కుమార్తె ఉమామాను తాతగారు ప్రార్థనలో సైతము భుజముపై మోసెడివారు.

మదీనాలో ప్రవక్త గృహము మరియొక విధమైనది. మసీదు నానుకొని మట్టి యిటుకలతో, ఖర్జూరపు మట్టలతో కట్టిన చిన్నచిన్న గదులు. ఒక్కొక్క భార్యకు ఒక్కొక్క గది. 632లో ఆయన నిర్యాణము చెందునాటికి తొమ్మండుగురు భార్యలు జీవించియుండిరి. వారిలో ఆయిషా తప్ప తక్కినవారందరును అంతకుముందు వివాహమైనవారే. యుద్ధములలో భర్తలను కోల్పోయినవారును, వంశములను కలుపు సంబంధములుగా వచ్చినవారును అందు కలరు. ఆ యింట యజమానుడు చెప్పులు తామే కుట్టుకొనెడివారనియు, ఇంటిపనులలో సాయపడెడివారనియు ఆయిషా చెప్పినది. ఖదీజా బిడ్డలలో తండ్రిని మించి బ్రతికినది ఫాతిమా ఒక్కతెయే. ఆమెయు కొలది నెలలలోనే తండ్రిని అనుసరించెను.

తాను చూచి యెరుగని ఖదీజాపై తనకు కలిగినంత అసూయ మరి యే సవతిపైనను కలుగలేదని ఆయిషాయే దాపరికము లేక ఒప్పుకొన్నది. ఇంట మేకను కోసినపుడు ప్రవక్త ఖదీజా స్నేహితురాండ్రకు భాగములు పంపుచుండిరి. ఆమె చెల్లెలు హాలా వాకిట పలికిన గొంతు వినగానే ఉలికిపడి ఖదీజాను తలచుకొనిరి. చనిపోయిన వృద్ధురాలిని ఇంకను ఏల తలచెదరని ఆయిషా ఒకసారి అడిగెను. జనులు తమను నమ్మని దినములలో నమ్మినది ఆమె యని ప్రవక్త సమాధానము.

కంఠహారమును చూచి ప్రవక్త మనస్సు కరగిన సంగతి నేడు మనకు తెలియుటకు కారణమెవరు? ఆ వృత్తాంతము సంప్రదాయమున ఆయిషా పేరుమీదనే వచ్చినది. ఎవరి జ్ఞాపకమును చూచి తాను అసూయపడినదో, ఆ ఖదీజా హారము కథను ఆమెయే ముందుతరములకు అందించినది. ఆ యింటి చరిత్ర మనకు దక్కినది ఇట్టి సత్యసంధతవలననే.